సాండ్‌విచ్ ప్రసారం

"ఏమయ్యా వెండెల్, నీ కార్యక్రమం ఎందుకు ఆపేశావు?" లొరెయిన్ గారు బూట్ల మంచు దులుపుకుంటూ నిలదీశారు.

అమెరికాలోని వెర్మాంట్‌లో చందాలతో బతికే మా ఊరి టీవీ కేంద్రానికి ప్రేక్షకురాలు నడిచి రావడమే! కాలర్ సర్దుకున్నాను. "ఊరి పాలకమండలి సమావేశాలా అండీ?"

"అవెవరు చూస్తారు? నువ్వు సాండ్‌విచ్ తినేది!"

నా మొహం మాడిపోయింది. కిందటి సమావేశం చూపించాక ప్రకటనలు పెట్టడం మరిచి, స్టూడియో కెమెరాను అలాగే వదిలేశాను. వారమంతా మధ్యాహ్నాలు నా నమలడమే ప్రసారమైంది; నిన్ననే గమనించి ఆపేశాను. ఒక్కరూ ఫోన్ చేయలేదు. ఎవరూ చూడని టీవీ ఎందుకని, తాళంచెవులు ఊరి కార్యాలయానికి అప్పగించడానికి బయల్దేరుతున్నాను.

"చూస్తూ కూడా చెప్పలేదేంటండీ?"

"చెబితే ఆపేసేవాడివిగా! మా ఆయన రోయ్ పోయాక ఒక్కదాన్నే తినలేకపోయాను. ఎదురుగా నువ్వు తింటుంటే నాకూ ముద్ద గొంతు దిగింది."

తాళంచెవులు మళ్లీ మేకుకు తగిలించాను.

మర్నాడు మధ్యాహ్నం కెమెరా ఆన్ చేసుకుని, పెద్ద నటుడిలా జుట్టు దువ్వుకుంటున్నాను. ఫోన్ మోగింది.

"ఆ సింగారం చాల్లే, మొదలుపెట్టు. నా సూప్ చల్లారిపోతోంది."