బూట్ల సీను

"ఈసారి నాటకంలో విలన్ మన ఊరోడే."

టీ బంకు దగ్గర ఉపేంద్ర అన్నది ఈ ఒక్క ముక్కే. ఆ రోజు నుంచి ప్రెసిడెంటు త్రికోటేశ్వరరావుకు అన్నం సయించడం లేదు.

ఉపేంద్ర మాట తేలిగ్గా తీసుకునేది కాదు. ఆడవేషాలతో మొదలుపెట్టి, రాజు వేషాల మీదుగా, నాటకాలు తనే రాసి ఆడే దాకా వచ్చిన మనిషి. అతని నాటకంలోకి ఎక్కినవాడు మళ్ళీ ఊళ్ళో తలెత్తుకు తిరగలేడు. కాటాలో మోసం చేసిన మిల్లు ఓనరు, నాటకం చూసిన వారానికే వినుకొండకు మకాం మార్చాడు. పోయినేడు నాటకం మాత్రం చప్పగా తేలిపోయింది. ఈ ఏడూ అంతే అయితే నాటక సమాజం మూసుకోవలసిందే. అందుకే ఉపేంద్ర కసి మీదున్నాడని ఊరంతా అనుకుంటోంది.

రిహార్సళ్ళు పాత పత్తి గోడౌన్‌లో, తలుపులు బిగించి చేస్తున్నారు. బయటికి హార్మోనియం మోత తప్ప ఒక్క డైలాగూ రావడం లేదు.

ప్రెసిడెంటుకు అందరి మీదా అనుమానమే. నోరు జారాడేమోనని డ్రైవర్ మన్సూర్‌ను పనిలోంచి తీసేశాడు. భార్య తిరుపతమ్మ ఫోన్లో నవ్వితే ఎవరితోనని నిలదీశాడు.

"ఏంది, నీ నీడను కూడా నిలదీస్తావా?" అందామె.

ఆయన భయం ఆయనది. ఎన్నికలు దగ్గరకొచ్చాయి. కోటప్పకొండ తిరునాళ్ళలో, ఎత్తుగా కట్టిన ఊరి ప్రభ ముందు స్టేజీ మీద ఆ నాటకం పడితే, ఇక ఓట్లడగడానికి మొహముండదు. ఉండబట్టలేక ఓ ఉదయం గోడౌన్‌కు వెళ్ళి తలుపు బాదాడు.

"ఒరేయ్ ఉపేంద్రా, ఆ బూట్ల సీను తీసెయ్యి."

"ఏ బూట్లు బాబాయ్?"

"స్టేజీ మీద నటించు, నా కాడ నటించమాక. మా వదిన సీతారావమ్మ చేలో కర్పూరం ఆర్పి ప్రమాణం చేశానే, ఆ సీను."

"అది ఊరంతా చూసిందేగా. 'నా కాళ్ళ కింద ఉంది నా మట్టే' అన్నావు. పెద్దమనుషులు చేను నీకే రాసిచ్చారు. ఆమె ఇప్పుడు మిరపకాయల కోతకు కూలికి పోతంది."

"మరి బూట్లలో నా చేలో మట్టి పోసుకొచ్చి నిలబడ్డానని నీకెవడు చెప్పాడు? మన్సూరేగా?"

మూల కూర్చున్న ఏసోబు హార్మోనియం వాయిస్తూనే ఉన్నాడు.

"ఎవడు చెబితే ఏందిలే బాబాయ్. నీ పేరు మాత్రం నాటకంలో ఎక్కడా రాదు."

"ఒట్టేసి చెప్పు."

"ఒట్టు."

ప్రెసిడెంటు అనుమానంగా అతని కాళ్ళ వైపు చూశాడు. చెప్పుల్లేవు. కాస్త ఊపిరి పీల్చుకుని కారెక్కాడు.

ఆ కారు మలుపు తిరగ్గానే ఉపేంద్ర, "ఇక హార్మోనియం ఆపరా ఏసోబూ, కథ దొరికింది, రాయడం మొదలెడదాం" అన్నాడు.