తిన్నారా?

ఒక అడవికి దగ్గు జబ్బు వచ్చింది. అది తగ్గేదాకా ఎవరూ గడప దాటొద్దని, తిండి లేనివాళ్లకు తానే పంపిస్తానని పంచాయతీ చాటింపు వేయించింది. ప్రెసిడెంటు ఏనుగు దుంపలు తవ్వించి పెద్ద కుప్ప పోయించింది. వార్డు మెంబరు కోతి రోజూ ప్రతి బొరియకూ వెళ్లి, దూరంగా నిలబడి, "తిన్నారా?" అని కేకేసేది.

"తిన్నాం, మీరు తిన్నారా?" అని లోపలినుంచి జవాబొచ్చేది.

"మనవాళ్లెవరికీ లోటు లేదండీ," అని కోతి మూడు రోజులు చెప్పింది. కుప్ప తరగనందుకు పంచాయతీ సంతోషించింది.

నాలుగో రోజు ముసలి ముళ్లపంది బొరియలోంచి జవాబు రాలేదు. కోతి తొంగిచూస్తే ఆవిడ లేవలేక పడి ఉంది. జబ్బేమీ లేదు, తిండి లేక నీరసించింది.

"నిన్న తిన్నానన్నావు కదమ్మా!"

"గుమ్మం ముందుకొచ్చి అడిగితే తినలేదని ఎట్లా చెప్తాను నాయనా?"

కోతి ఆవిడకు దుంపలు పెట్టి, ఆ మాట ఏనుగుకు చెప్పింది. ఏనుగు కాసేపు చెవులాడించి, "రేపటినుంచి ఎవర్నీ అడక్కు," అంది.

మర్నాడు కోతి గుమ్మం గుమ్మానికీ దుంపలు పెట్టి, "మాకు ఎక్కువయ్యాయి, పారేయలేక తెచ్చాను," అంది.

"అయ్యో, మాకెందుకూ!" అన్నారు అందరూ. కోతి నాలుగడుగులు వేసేసరికి దుంపలు లోపలికి పోయాయి.

సాయంత్రానికి కుప్పలో ఒక్క దుంప మిగిలింది.

"నువ్వు తిన్నావా?" అంది ఏనుగు.

"ఆఁ, తిన్నానండీ," అంది కోతి.

ఏనుగు ఆ దుంపను తొండంతో కోతి ముందుకు జరిపి, అటు తిరిగి నిలబడింది.