మలుపులో ఎర్ర తువ్వాలు

"మీ ఆయన్ని రోడ్డు మీద నిలబడమన్నదెవరమ్మా?" అడిగాడు ప్రభుత్వ వకీలు.

"ఫైరింజన్ వాళ్లేనండి," అంది నాగేశ్వరి. "మధ్యాహ్నం వంటింట్లో మంటలని ఫోన్ చేస్తే, ఇల్లు తెలియాలంటే సందు మలుపులో ఎవరినైనా నిలబడి చెయ్యి ఊపమన్నారు. ఈయన ఎర్ర తువ్వాలు పట్టుకుని పరుగెత్తారు. వచ్చిన బండి కిందే పోయారు."

మలుపు తిరిగేదాకా మనిషి కనబడలేదన్నాడు ఫైరింజన్ డ్రైవర్. ఆపదలో ఆదుకోబోతూ తెలియక చేసినదానికి ప్రభుత్వానికి బాధ్యత లేదంది కోర్టు. కనబడకపోతే అతను మాత్రం ఏం చేస్తాడని నాగేశ్వరి కూడా సరిపెట్టుకుంది. కానీ ఆ మలుపు వైపు మళ్లీ వెళ్లలేదు. చందానగర్ బజారుకు చుట్టూ తిరిగి వెళ్లేది.

అలాంటిదే ఒక మధ్యాహ్నం పక్కింటి శారదమ్మ గుండె పట్టుకుని కూలబడింది. మలుపులో ఎవరినైనా నిలబెట్టమని అంబులెన్సు వాళ్లూ అన్నారు. సందులో ఒక్కరూ కదల్లేదు.

నాగేశ్వరే వెళ్లింది, ఆయన తువ్వాలుతో. సైరన్ వినబడగానే కళ్లు గట్టిగా మూసుకుని ఊపసాగింది. బండి మెల్లగా వచ్చి పక్కన ఆగింది.

"ఇగ చాలమ్మా," అన్నాడు డ్రైవర్. "మెయిన్ రోడ్డు మీదున్నప్పుడే కనబడ్డవు."