ఒట్టి నీళ్లు

తలుపు చప్పుడైతే వరలక్ష్మమ్మ మొహం మీది లేపం ఆరకుండానే లేచి వచ్చింది.

గుమ్మంలో ఎవరో ముసలామె. ఎండన పడి వచ్చినట్టుంది, రొప్పుతోంది.

"ఎవరు కావాల?"

"నిన్ను చూడాలనే వచ్చినానమ్మా. ఉదయగిరి బస్సు దిగి నేరుగా ఇట్నే వస్తుండా."

ముసలామె చూపు ఆమె బుగ్గల మీదే ఉంది. వరలక్ష్మమ్మకు విసుగు పుట్టింది. ఈమధ్య ఆత్మకూరులో అందరూ అలాగే చూస్తున్నారు.

పెళ్లినాటికి ఆమెది నున్నటి మొహమే. ఏడాది తిరక్కుండా ఎర్రటి పొక్కులు లేచాయి. భర్త బాలసుబ్రహ్మణ్యానికి బజారులో అంగడి ఉంది. మద్రాసు నుంచి మొహానికి పూసుకునే స్నో తెప్పించాడు, వాసన సబ్బు తెప్పించాడు. తెలిసినవాళ్లు తలా ఒకటి చెప్పారు.

పొద్దున నిమ్మరసం కలిపిన శనగపిండి. ఆ తర్వాత సబ్బు. మధ్యాహ్నం హకీము ఇచ్చిన లేపం. సాయంత్రం స్నో, దానిమీద పౌడరు. వంటకన్నా ఈ పనికే ఎక్కువ పొద్దు పట్టేది.

ఏది పూసినా మంటే. మండితే మందు పనిచేస్తున్నట్టే అన్నారు. ఓర్చుకుంది. పొక్కులు మెడకు దిగాయి.

మొన్న భర్త ఆమె వైపు చూడకుండానే అన్నాడు: "కొన్నాళ్లు మీ అమ్మగారింటికి పోయి ఉండు. నయమైనాక చూద్దాం."

పెట్టె సర్దుకునే ఓపిక లేక ఇంకా ఇక్కడే ఉంది.

"మొహానికి ఏమేం పూస్తుండావమ్మా?" అంది ముసలామె.

"నీకెందుకవ్వా? మందులమ్ముతావా?"

"అమ్మను. అన్నీ ఆపేయమని చెప్పిపోదామని వచ్చినా."

"అన్నీనా?"

"అన్నీ. స్నో వద్దు, సబ్బొద్దు, నిమ్మకాయొద్దు. మండేదాన్ని దేన్నీ మొహం మీదికి రానీబాకు. ఒట్టి నీళ్లతో కడుక్కో, మెత్తటి గుడ్డతో అద్దుకో. చర్మం బిగుసుకుంటే రవంత కొబ్బరినూనె. అంతే."

"ఇన్ని పూస్తేనే తగ్గలేదు. ఏమీ పూయకపోతే తగ్గుద్దా?"

"పూస్తుండావు గనకనే తగ్గలేదు తల్లీ."

వరలక్ష్మమ్మ అలిసిపోయి ఉంది. ఇలా వైద్యం చెప్పినవాళ్లు ఇప్పటికి ఎంతమందో.

"చాల్లే అవ్వా. చెప్పేవాళ్లకేం? మండేది నా మొహం."

తలుపేసేసింది.

అవతలి నుంచి మెల్లగా వినిపించింది. "ఇంకొక్క మాటమ్మా. పుట్టింటికి మాత్రం పోబాకు. ఈ ఇంట్లోనే ఉండి నయం చేసుకో."

వరలక్ష్మమ్మ లోపలికి పోయింది. అంత ఎండలో వచ్చిన మనిషికి మంచినీళ్లయినా ఇవ్వలేదని ఆమెకు పొద్దుగూకాక గాని తట్టలేదు.

కొన్నాళ్లకు, ఒక మధ్యాహ్నం, లేపం రంగరించే ఓపిక కూడా లేకపోయింది. గిన్నె పక్కకు నెట్టి, మొహం కడుక్కుని పడుకుంది. మర్నాడూ ఏమీ పూయలేదు. ముసలామెను నమ్మి కాదు, విసిగి.

సాయంత్రానికి ఏదో తేడాగా అనిపించింది. కాసేపటికి అర్థమైంది. మంట లేదు.

ఇక దేన్నీ ముట్టుకోలేదు. పుట్టింటికి బయల్దేరమని భర్త అన్నప్పుడల్లా ఏదో ఒక వంక చెప్పి ఆగింది. ఎండలు పోయి వానలు పడేసరికి పొక్కులు ఎండి మచ్చలయ్యాయి. ఆ మచ్చలూ మెల్లగా వెలిసిపోయాయి.

"ఏ మందు పనిచేసినాది?" బాలసుబ్రహ్మణ్యం ఆశ్చర్యపోయాడు.

"ఏ మందూ కాదండీ. ఉదయగిరి నుంచి ఒక అవ్వ వచ్చి అన్నీ మానేయమన్నాది. ఆమెకు చీర పెట్టి, కాళ్లకు దండం పెట్టి రావాల."

"ఉదయగిరా? ఇప్పుడు అంగట్లో గిరాకీ రోజులు. తర్వాత చూద్దాంలే."

ఆ 'తర్వాత' చాలాసార్లు వాయిదా పడింది. చివరికి ఆమె పోరు పడలేక బయల్దేరాడు.

అవ్వ పేరు తెలియకపోయినా, పోలికలు చెబితే బస్సు కండక్టరు కొండలయ్య గుర్తుపట్టాడు. "ఆత్మకూరులో మీ ఇంటికి దగ్గర్లో దించమని నన్నే అడిగినాదమ్మా ఆమె" అంటూ, ఉదయగిరిలో దిగాక కొండవైపు పోయే వీధి చూపించాడు.

వీధి మొగలోనే బాలసుబ్రహ్మణ్యం ఆగిపోయాడు. "నువ్వు పోయి రా. నేనిక్కడే ఉంటా."

ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటి ముందు ఒకాయన కొయ్య గరిటె చెక్కుతున్నాడు. పేరు దస్తగిరి.

"కోటమ్మ కోసమా? పోయిన నెలలోనే పోయిందమ్మా."

వరలక్ష్మమ్మ చీర చేతిలో పట్టుకుని మెట్టుమీద కూలబడింది.

"ఆమె చెప్పబట్టే నా మొహం బాగైనాది. పేరు కూడా అడగలేదు. గుక్కెడు నీళ్లియ్యలేదు."

దస్తగిరి ఉలి పక్కన పెట్టాడు.

"ఆమెకు ఒక్కతే కూతురమ్మా. మొహమంతా పేలితే మొగుడు ఇక్కడికి పంపించేసినాడు. కోటమ్మ ఆ పూతలన్నీ మాన్పించి, ఒట్టి నీళ్లతోనే నయం చేసింది."

"ఆ పిల్ల ఇప్పుడెక్కడుండాది?"

"నయమైందని కబురు పంపినా, తీసుకపోను ఎవరూ రాలేదు. దిగులు పెట్టుకుని తిండి మానేసింది. అట్లే పోయినాది."

"ఏ ఊరికిచ్చినారు ఆమెను?"

దస్తగిరి తలెత్తాడు. వీధి మొగలో అటు తిరిగి నిలబడ్డ బాలసుబ్రహ్మణ్యం వైపు చూశాడు.

వరలక్ష్మమ్మ కూడా చూసింది. మొదటి భార్య విషజ్వరంతో పోయిందనే ఆయన తనకు చెప్పాడు.

"కూతురి చోట్లోకి వచ్చిన నీకూ అట్లే అయిందని విన్నాక, ఆ తల్లి ఇంట్లో కూర్చోలేకపోయిందమ్మా" అన్నాడు దస్తగిరి.