గాంభీర్యం డబ్బా

“ఏంటండీ ఈ బుగ్గలు, పౌడరు ప్రకటనా?” అన్నారు పెయింటింగు మాస్టారు, కొత్తగా చేరిన పళ్ల డాక్టరమ్మ కాన్వాసు ముందు ఆగి. “ఐదువందల ఏళ్లనాటి ఇటలీ బొమ్మకి కాపీ వేస్తున్నారు. గాంభీర్యం ఏదీ?”

గాంభీర్యమంటే ఆయన ఒక డబ్బాలో కలిపి ఉంచే ముదురు గోధుమరంగు. ఆఖరి పూతగా దాన్ని పల్చగా పులమడమే ఆయన నేర్పే అసలు విద్య. గదిలో మిగతా ఆరు కాన్వాసుల మీదా ఆ ఇటలీ అమ్మాయి డికాషన్లో ముంచి తీసినట్టుంది.

డాక్టరమ్మ ఫోనులో ఫొటో చూపించింది. అందులో అమ్మాయి బుగ్గలు గులాబీరంగులో మెరుస్తున్నాయి.

“పోయినేడు మ్యూజియం వాళ్లు బొమ్మని శుభ్రం చేశారండీ. మీరనే గాంభీర్యం రంగు కాదు, గార. పాత వార్నిషూ, కొవ్వొత్తుల మసీ.”

కుంచెలన్నీ ఆగిపోయాయి.

“అంటే మాస్టారూ,” అన్నాడు ఎనిమిదేళ్లుగా నేర్చుకుంటున్న పెద్దాయన, “ఇన్నాళ్లూ నేను నేర్చుకున్నది గార పట్టించడమా?”

మాస్టారు ఫోను వంక చూశారు. డబ్బా మూత బిగించారు. మళ్లీ తీశారు.

“ఆ బొమ్మకి ఇంత గార పట్టేసరికి ఐదువందల ఏళ్లయింది. మీకు ఎనిమిదేళ్లలో నేర్పానా, లేదా?”