రెండంగుళాల వదులు

డ్రయ్యర్‌లోంచి తీసిన బట్టలు ఇంకా వేడిగానే ఉన్నాయి. లూసీ సోఫా మీద కూర్చుని ఒక్కొక్కటే మడత పెడుతోంది. కొడుకు జీన్స్ పైకెత్తి చూసి విసుక్కుంది.

"ఈ డ్రయ్యర్ ఒకటి! కొన్న ప్యాంటల్లా రెండు నెలలు తిరక్కుండానే పొట్టిదైపోతోంది."

జూడ్ వినిపించుకోలేదు. హాల్లో అద్దం ముందు కొత్త సూటు వేసుకుని నిలబడి ఉన్నాడు. కోటు చేతుల్లోంచి వేళ్ల చివర్లు మాత్రమే కనబడుతున్నాయి.

"మమ్మీ, ఇది నా సైజ్ కాదు."

"తెలుసు. రెండంగుళాలు వదులుగా ఉండేది చూసి తీసుకున్నాను. ఇది నవంబరేగా, మీ స్కూల్లో ప్రామ్ డాన్సు పార్టీ ఏప్రిల్‌లో. ఎదిగే పిల్లాడివి."

"ఎవ్రీ టైమ్ ఇదే! సిక్స్త్ గ్రేడ్‌లో కొన్న జాకెట్ నాకు నైన్త్‌లో ఫిట్ అయింది. త్రీ ఇయర్స్ అందరూ నవ్వారు, నీకు తెలుసా? రిటర్న్ చేసెయ్."

"క్లియరెన్స్‌లో కొన్నానురా. వెనక్కి తీసుకోరు."

"అయితే ఐ యామ్ నాట్ గోయింగ్. ఈ టెంట్ వేసుకుని ప్రామ్‌కి ఎవరు వెళ్తారు?"

లూసీ చేతిలోని జీన్స్ మడత పెట్టింది. తన చిన్నప్పుడు క్రిస్మస్ గౌను ఎప్పుడూ అంచు లోపలికి మడిచి కుట్టించేవారు. ఏడాదికో మడత విప్పేవారు. పిల్లలకి సరిగ్గా సరిపోయే బట్టలు కొనడం వాళ్లింట్లో తెలివితక్కువ పని. అది తప్పని ఇవాళ కొడుకు చెబితేగాని తెలియలేదు.

కిటికీ దగ్గర టీ తాగుతున్న దైవాశీర్వాదం కప్పు కింద పెట్టి లేచాడు. లూసీకి మామగారు. నరసాపురంలో నలభై ఏళ్లపాటు పెళ్లి సూట్లు కుట్టిన టైలరు. ఆరు నెలలు ఉండి వెళదామని అమెరికాలో కొడుకు ఉండే కమ్మింగ్ ఊరికి వచ్చి వారమైంది.

"ఇలా రారా టెంటూ" అని పిలిచి, టేపు తీసి మనవడిని కొలవడం మొదలుపెట్టాడు. భుజాలు, ఛాతీ, నడుము అయ్యాయి. మణికట్టు ఎముకని రెండు వేళ్లతో నొక్కి చూశాడు. ఆఖరికి కిందికి వంగి పాదం కూడా కొలిచాడు.

"ప్యాంట్‌కి పాదంతో పనేంటి తాతయ్యా?"

"కదలకు. నా ముందు పెళ్లికొడుకులే నోరెత్తేవాళ్లు కాదు." టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. "సూటు నాకిచ్చెయ్. ప్రామ్ రోజు దాకా అడక్కు. ఆ రోజు నీ ఒంటికి అతికినట్టు లేకపోతే ఇంక నేను టైలర్నని ఎవరికీ చెప్పుకోను."

"మధ్యలో ట్రయల్ ఉండదా?"

"ట్రయల్ అడిగేవాడికి నేను కుట్టను."

జూడ్ భుజాలు ఎగరేసి సూటు విప్పి ఇచ్చేశాడు.

లూసీకి మాత్రం ఆ రోజు నుంచి దిగులు పట్టుకుంది. మామగారి చేతులు వణుకుతున్నాయి. టీ కప్పు అందుకునేటప్పుడు రెండో చెయ్యి సాయం పెట్టుకుంటున్నాడు. ఆయన అడిగాడని చర్చిలో ప్రిస్సిల్లా ఆంటీ తన కుట్టుమిషను పంపించింది. మధ్యాహ్నాలు గది తలుపు వేసుకుంటే లోపలినుంచి ఒకటే టకటక. అప్పుడప్పుడూ దిండు గలీబులు బయటికి వచ్చేవి. వాటి మీద కుట్టు మెలికలు తిరిగిపోయి ఉండేది. ఒక రోజు లూసీ ఒక గలీబు తీసుకెళ్లి భర్తకి చూపించింది.

"కోటు కూడా ఇలాగే కుడితే పిల్లాడు నిజంగానే మానేస్తాడండీ" అంది భర్తతో.

"నువ్వే చెప్పు నాన్నకి. నాకంత ధైర్యం లేదు" అన్నాడాయన లాప్‌టాప్‌లోంచి తలెత్తకుండా.

మార్చిలో ఒక రోజు ధైర్యం చేసింది. పాలు నిండుకున్నాయి, అప్పటికి ఆ వారంలో మూడో గ్యాలన్. షాపుకి బయల్దేరుతూ గుమ్మంలో ఆగింది.

"మావయ్యగారూ, దారిలో ఆల్టరేషన్ షాపుంది. సూటు ఒకసారి వాళ్లకి చూపిద్దామా?"

"నా మీద నమ్మకం లేదామ్మా?"

"అయ్యో, అది కాదండీ."

"పోనీ, నీ మీద నీకుందా?"

ఆ మాటకి అర్థమేమిటో లూసీకి తెలియలేదు. పెద్దాయనకి కోపం వచ్చిందనుకుని, మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఏప్రిల్ ఆఖరి శనివారం సాయంత్రం దైవాశీర్వాదం సూటు తీసుకెళ్లి జూడ్ మంచం మీద పెట్టి వచ్చాడు. కింద లూసీ మెట్ల వైపు చూస్తూ నిలబడింది.

జూడ్ దిగి వచ్చాడు.

కోటు కుట్టు సరిగ్గా భుజం చివరన కూర్చుంది. చేతి దగ్గర చొక్కా అరంగుళం తెల్లగా కనబడుతోంది. ప్యాంటు బూటు మీద ఒక్క ముడత పడి ఆగింది. ఎక్కడా వదులు లేదు, బిగువు లేదు.

"తాతయ్యా!" అద్దంలో ముందుకీ వెనక్కీ చూసుకున్నాడు జూడ్. "యూ ఆర్ ఎ లెజెండ్! మమ్మీ, చూశావా? ఫిట్ అంటే ఇదీ. నీకే తెలీదు."

"నాకేం తెలుస్తుందిలేరా" అని నవ్వింది లూసీ. నవ్వైతే వచ్చింది గానీ, ఎక్కడో చిన్నగా గుచ్చుకుంది.

"అమ్మనేమీ అనకు" అన్నాడు ముసలాయన.

భర్త ఫోన్‌లో ఫోటోలు తీశాడు. బయట స్నేహితుల కారు హారన్ మోగింది. జూడ్ తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. తాతయ్యని గట్టిగా వాటేసుకున్నాడు. తర్వాత పరుగున వెళ్లి కారెక్కాడు.

లూసీ కళ్లు తుడుచుకుంది.

"ఇన్నాళ్లూ అనవసరంగా భయపడ్డాను మావయ్యగారూ. విప్పి కుట్టిన ఆనవాలే లేదు. ఎన్ని అంగుళాలు తగ్గించారు?"

కారు మలుపు తిరిగేదాకా ఆగాడు ఆయన.

"సూదైనా తాకించలేదమ్మా, వాడే ఎదిగాడు."