నాలుగోసారి

"ఒక్క పరమాణువు కోసం ఐదేళ్లుగా ల్యాబులోనా? చాల్లేవే! రేపెళ్లి ఆ బ్యాంకు ఉద్యోగంలో చేరు," అన్నాడు పిచ్చయ్య, కల్లంలో మిరపకాయల కుప్ప పక్కన నిలబడి.

"చేరను బాబాయ్," అంది కోటేశ్వరి. "లైటు ఒక్కసారే పోతే పరమాణువుకి తగలకుండా దాటిపోతుంది. అందుకే దానికి చెరోపక్కా వెంట్రుకవాసి ఎడంతో రెండు అద్దాలు ఎదురెదురుగా పెడతాం. లైటు వాటి మధ్యే లక్షసార్లు అటూ ఇటూ తిరుగుతుంది. ఏదో ఒకసారి తగిలి తీరుతుంది."

"లక్షసార్లా! పనిలేనోళ్ల పని."

ఇంకో కుప్పలో రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న తల్లి రాఘవమ్మ తలెత్తింది. ఇప్పటిదాకా ఆమెదీ అదే మాట.

"నీ పక్కనున్న ఆ కుప్పలో తాలుందా పిచ్చయ్యా?"

"రెండుసార్లు ఏరించాంగా వదినా. ఒక్కటి కూడా లేదు."

రాఘవమ్మ కుప్పని మూడోసారి తిరగేసింది. ఏమీ దొరకలేదు. నాలుగోసారి తిరగేసి, తెల్లగా పాలిపోయిన కాయ ఒకటి తీసి అతని అరచేతిలో పెట్టింది.

"నాదీ పనిలేనోళ్ల పనేనా?"

పిచ్చయ్య ఆ కాయని అటూ ఇటూ తిప్పి చూశాడు.

ఆమె కూతురి వైపు తిరిగింది. "బస్సెన్నింటికే? బ్యాంకుకి కాదు, నీ అద్దాల దగ్గరికి."